చెయ్యేరు ఒడ్డు (రాజంపేట–నందలూరు ప్రాంతం)

చెయ్యేరు పెన్నకు ఉపనది. బాహుదా, పింఛ ఏర్లు కలిసి చెయ్యేరవుతాయి. పాలకొండల నడుమ దారి చేసుకుని రాజంపేట లోయలోకి దిగి, నందలూరు మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. ఈ వ్యాసం బాదనగడ్డ దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు నుంచి నందలూరు దాకా ఉన్న ఒడ్డుకే పరిమితం. విజయవాడ కృష్ణలంకలో వరద గోడ వెంబడి 2024 మార్చిలో నదీతీర ఉద్యానం, నడకదారి తెరిచారు. అటువంటి దారి మరే ఏటి ఒడ్డున వేయాలనుకున్నా ముందు తేల్చుకోవలసింది ఒడ్డు ఎక్కడుందన్నది. కృష్ణకు ఆ చోట ప్రకాశం బ్యారేజీ నిలిపిన నీటి అంచు ఉంది. చెయ్యేరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. పాయ ఒక పక్కగా పారుతుంది, లేదా అదీ ఉండదు. కనుక ఇక్కడి ఒడ్డును నీటిని బట్టి కాక, పాత కట్టడాలను, ఊళ్ల అమరికను, వరద పోయిన చోట్లను బట్టి గుర్తించాలి. అలా చూస్తే ఒడ్డు ఇసుక అంచుకు చాలా ఎగువన, మెరక మీద తేలుతుంది.

ఈ మాటకు మొదటి ఆధారం అత్తిరాల. రాజంపేట మండలంలోని ఈ క్షేత్రంలో పరశురామేశ్వరాలయం ఏటికి చేరువలో ఉంటే, త్రేతేశ్వరాలయం కొండ మీద ఉంది. పరశురాముడు ఇక్కడ స్నానమాడి హత్యాదోషం పోగొట్టుకున్నాడని స్థలపురాణం. మహాభారతం శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథను కూడా ఇక్కడికే చెప్పుకుంటారు. అన్న ఆశ్రమంలో అడక్కుండా పండు తిన్న లిఖితుడు రాజదండనలో చేతులు పోగొట్టుకుని, బాహుదలో మునిగి తిరిగి పొందాడని ఆ కథ. నదికి బాహుద అన్న పేరు అలా వచ్చిందన్నది జనశ్రుతి. భారతంలోని బాహుద ఉత్తరదేశపు నది అనేవారున్నారు. ఇచ్ఛాపురం దగ్గర పారే ఏటికీ ఈ పేరుంది. కథ ఏ నదిదైనా, స్నానానికి దిగే రేవు వేరు, దేవుణ్ణి నిలిపే చోటు వేరు అన్న ఎరుక అత్తిరాల అమరికలో కనిపిస్తుంది. శివరాత్రికి వచ్చే జనం కాలినడకన ఏటికి దిగి, తిరిగి మెరకకు చేరే తోవే ఈ ఒడ్డున మనకు తెలిసిన పాత నడకదారుల్లో ముఖ్యమైనది.

నందలూరు పక్కన ఆడపూరు గుట్ట మీద బయటపడిన బౌద్ధ అవశేషాలు ఇంకా పాతవి. వాటిని సాతవాహనుల నాటివిగా లెక్కిస్తారు. అక్కడా ఏటికి దగ్గరగా, ఏటికి అందనంత ఎత్తున అన్నదే పద్ధతి. నందలూరు సౌమ్యనాథాలయ నిర్మాణకాలంపై ఏకాభిప్రాయం లేదు. ప్రతిష్ఠ నారదుడిదని భక్తులు చెబుతారు. చరిత్రకారులు ఎక్కువగా చోళుల కాలానికి, 11వ శతాబ్దానికి ముడిపెడతారు. శాసనాలను బట్టి ఇదే నమ్మదగినది. తరువాత కాకతీయులు, విజయనగర రాజులు, మట్లి ప్రభువులు దీన్ని పోషించారు. ఆలయంలో పైకప్పు రాతిపై ఒక చేప చెక్కి ఉంది. వరద నీళ్లు అంత ఎత్తుకు వచ్చి ఆ చేపను తాకిననాడు దానికి ప్రాణం వస్తుందని, అదే కలియుగాంతమని స్థానికుల నమ్మకం. దీన్ని ఉత్త పుక్కిటి కథగా తోసెయ్యడం సరికాదు. నీరు ఆలయం దాకా రావడం ఊహకు అందని విషయం కాదనీ, ఎంత ఎత్తు దాటితే ప్రళయమో గుర్తు పెట్టుకున్నారనీ అది చెబుతుంది.   

పాత చోట్లు ఇలా మెరక మీద ఉండగా, తరువాత ఊళ్లు పల్లానికి ఎందుకు జరిగాయన్నదానికి జవాబు సేద్యంలో ఉంది. కడప సీమ ఏర్లలో నీరు పైకి కనబడకపోయినా ఇసుక కింద ఊట ఉంటుంది. ఏటి ఇసుకలో ఊటకాలువలు తవ్వి, ఆ నీటిని పొలాలకు మళ్లించే పద్ధతి ఈ ప్రాంతంలో పాతది. ఏటా పూడే కాలువను ఏటా తీయాలి కనుక రైతు ఏటికి దగ్గరగా ఉండక తప్పదు. అరటి, మామిడి, నిమ్మ తోటలు ఒండ్రు నేలలోకి దిగాయి. 1860లలో మద్రాసు రైల్వే వాయవ్య మార్గం ఈ లోయ గుండా వచ్చింది. నందలూరులో ఆవిరి ఇంజన్ల షెడ్డు వెలిసింది. నీటి ఎద్దడి సీమలో ఇంజన్లకు నిలకడైన నీరు దొరికే చోటు కావడం దాని స్థానానికి ఒక కారణమని అంటారు, అది సబబుగానే ఉంది. ఆవిరి ఇంజన్లు పోయాక షెడ్డూ పోయింది. రాజంపేట కేంద్రంగా ఉన్న పాత పుల్లంపేట తాలూకాలో ఒడ్డు అలా ఒక్కో అవసరానికి ఒక్కో అడుగు ఏట్లోకి జరుగుతూ వచ్చింది.

చెయ్యేరు ప్రాజెక్టుగా మొదలై అన్నమయ్య పేరు పొందిన జలాశయం సామర్థ్యం 2.24 టీఎంసీలు. ఆయకట్టు సుమారు 22,500 ఎకరాలు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున, ఎగువన పింఛ కట్ట తెగి వచ్చిన నీరు కూడా తోడై, దీని మట్టికట్ట కొట్టుకుపోయింది. గేట్ల కట్టడం నిలిచింది. స్పిల్‌వేను 2.17 లక్షల క్యూసెక్కులకు కట్టగా వచ్చినది 3.2 లక్షలని అంచనా. ఊహించని వరదే కారణమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. ఈ రెండు కథనాల్లో ఏదో ఒకటే నిజం కానక్కరలేదు. వరద పెద్దదే, కానీ గేటు పని చేయకపోవడం ఆ వరదకు ఉన్న దారిని ఇంకా ఇరుకు చేసింది. తొగురుపేట, పులపత్తూరు, మందపల్లి, రామచంద్రాపురం, గుండ్లూరు దెబ్బతిన్నాయి. 30 మందికి పైగా చనిపోయారు. సంఖ్య నివేదికను బట్టి మారుతుంది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. ఏటి పక్క శివాలయానికి పూజకు వెళ్లినవారూ మృతుల్లో ఉన్నారు. రాజంపేట–నందలూరు మధ్య రైలు కట్ట కోసుకుపోయింది. పొలాల మీద ఇసుక మేటలు వేసింది.

కట్ట తెగిన నీటిని నది కొలతగా తీసుకోరాదని ఒక అభ్యంతరం ఉంది. అది మనిషి తప్పు, సహజ వరద కాదు గనుక దాని గుర్తుల మీద ఒడ్డును గీస్తే సగం ఊళ్లు ఏట్లో ఉన్నట్లే అవుతాయంటారు. వాదంలో బలం లేకపోలేదు. అయితే కట్ట తెగకముందే 3.2 లక్షల క్యూసెక్కులు జలాశయంలోకి వస్తున్నాయన్నది గమనించాలి. అందులో పింఛ తెగిన నీటిని మినహాయించినా, రాయచోటి పీఠభూమి మీద కురిసిన ఈశాన్య రుతుపవన వాన కొండల ఇరుకులోంచి ఒక్కసారిగా దిగడం ఈ నది స్వభావం. ఎగువన కట్టలు ఉన్నంతకాలం అవి తెగే అవకాశమూ ఒడ్డు లెక్కలో భాగమే. ఇళ్లను ఖాళీ చేయించడం వేరు ప్రశ్న. కొత్తగా వేసే దారిని ఎక్కడ వేయాలన్నదానికి మాత్రం ఆ గుర్తులే తగిన ఆధారం.

గోడ కట్టి దాని వెంట నడిపించవచ్చుగా అన్నది రెండో అభ్యంతరం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు కృష్ణలంకను గోడ కాపాడింది, సందేహం లేదు. అదే వారంలో నగరానికి మరో పక్క సింగ్‌నగర్ బుడమేరు నీళ్లలో మునిగింది. గోడ ఉన్న మేరకే దాని కాపుదల. అది కృష్ణలంక వంటి కిక్కిరిసిన వాడకు తగినది. పల్లెలు, తోటలు దూరదూరంగా రెండు గట్లా ఉన్న చెయ్యేటికి ఒక గట్టున గోడ లేపితే నీరు ఎదుటి గట్టు మీదికి పోతుంది. ఊటకాలువలకు ఏట్లోకి దిగే దారీ మూసుకుపోతుంది.

అత్తిరాల రేవుకు దిగే తోవను ఇప్పుడున్న చోటే ఉంచి, ఒడ్డు వెంబడి సాగే దారిని మాత్రం 2021 నీటిమట్టానికి పైన, అత్తిరాల, నందలూరు మెరకలను కలుపుతూ వేయడం ఈ ఆధారాలకు సరిపోతుంది. దానికి ముందు చేయవలసినది, మందపల్లి, పులపత్తూరు ఇళ్ల గోడల మీద మిగిలిన వరద చారలు సున్నం కింద పోకముందే వాటి ఎత్తులు కొలిచి, ఊరూరా రాతి గుర్తులు నాటడం.