తగరపు మాటు

పాత పికప్పు బండి యొకటి నిజామాబాదు జిల్లా వర్నిలోని రేడియేటరు దుకాణము ముందర నిలిచినప్పుడు, దాని జబ్బేదియో డ్రైవరు చెప్పక మున్నే వాసన వలన తెలిసిపోవును. ముందరి అద్దమునకు లోపలివైపున జిడ్డువంటి ఆవిరి పట్టియుండును; కాళ్ళక్రింది పట్టా తడిసియుండును; తలుపు తెరవగానే తీపి కలిసిన వెచ్చని గాలి ముఖమునకు తగులును. బోధను చక్కెర కర్మాగారము ఆడుచుండిన కాలమున మడ్డి వాసనకు అలవడిన ఈ సీమవారు ఆ తీపిని వింతగా నెంచకపోవచ్చును గాని, ఇది చెరకుది కాదు, ఇంజను చల్లబరచు కూలెంటుది. “ఉస్తాద్, పొద్దుగాల నింపిన నీళ్లు పగటికే లేవు, కింద సూస్తే చుక్క పడలే” అని డ్రైవరు చెప్పగా, ఉస్తాదు లోపలికి వంగి పట్టా యెత్తి, వ్రేలు తడిచేసికొని, “హీటర్ కోర్ పోయిందన్నా” అనును.

ఈ హీటరు కోరనునది పుస్తకమంత ప్రమాణము గల చిన్న రేడియేటరు. ఇంజను చుట్టు తిరిగి కాగిన నీటిలో కొంత రెండు రబ్బరు గొట్టముల ద్వారా దీనిలోనికి వచ్చి పోవుచుండగా, వెనుకనున్న పంకా ఆ వేడిని కూర్చున్నవారి మీదికి తోలును. దీని పెద్దన్నయగు రేడియేటరు తేనెపట్టువంటి రూపమును పొందినది జర్మనీ దేశమున. విల్‌హెల్మ్ మేబాక్ 1901 నాటి మెర్సిడెస్ కారునకు 8,070 సన్నని గొట్టములను ఒక్కచట్రములో పేర్చి, అంతకు పూర్వము నీళ్ళు మరిగి మరిగి నిలిచిపోవుచుండిన బండ్లకు దీర్ఘప్రయాణమును సాధ్యము చేసెను. అట్లు గాలిపాలగు వేడిని మనుష్యులకు మళ్ళించు యత్నములు మంచుదేశములలో పలువిధముల సాగి, 1938లో అమెరికాలోని నాష్ సంస్థ బయటిగాలిని వడగట్టి వేడిచేసి లోనికి పంపు ఏర్పాటును అమ్మకమునకు తెచ్చునాటికి నేటి రూపమునకు చేరువైనవి. మే నెలలో నలుబదియైదు డిగ్రీల యెండ కాయు నిజామాబాదు జిల్లాకు ఆ పరికరము బండితోపాటు వచ్చినదే గాని, ఇచటివారు కోరి తెచ్చుకొన్నది కాదు.

ఇందూరు, అనగా నిజామాబాదు, సీమలో మోటారుబండికి పని కల్పించినది నీరు. అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ మంజీరకు అడ్డుకట్ట వేసి, నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము వలన బాన్సువాడ, వర్ని, బోధను ప్రాంతముల మెట్టలు మాగాణములైనవి. ఆ కాలువ వెంబడి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతు కుటుంబములు వచ్చి, భూములు కొని, పాకలు వేసికొని నిలిచిన తావులు ‘క్యాంపు’లను పేరున ఊళ్ళయి, నేటికిని ఆ పేరుననే పిలువబడుచున్నవి. 1932లో నిజాము రైల్వేవారు తమ రోడ్డు రవాణా శాఖను ఇరువదియేడు బస్సులతో నెలకొల్పిరి. 1937లో బోధను శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసెను. నరికిన చెరకు గంటగంటకు తన తీపిని కోల్పోవును గనుక, క్రషింగు సాగునన్నినాళ్ళు బండి దారిలో నిలిచిపోవుట రైతునకు కేవలము ఆలస్యము కాదు, అచ్చమైన నష్టము. ఎడ్లబండ్ల వరుసలలో లారీలు చేరిన పిమ్మట, రెండవ ప్రపంచయుద్ధానంతరము సైన్యము వదలిన డిస్పోజలు ట్రక్కులును, 1954లో జర్మనుల సహకారముతో జంషెడ్‌పూరున తయారగుట మొదలైన టాటా మెర్సిడెస్ లారీలును, 1980లలో డీసీఎం టొయోటా వాహనములును మన రోడ్లమీదికి వచ్చినవి. ఈ చివరిదాని పేరు తెలంగాణమున ఎంతగా నాటుకొన్నదనగా, ఆ సంస్థ కనుమరుగైన ఇన్నేండ్లకును ఆ పరిమాణము గల ఏ బండినైనను జనులు ‘డీసీఎం’ అనియే పిలుచుచున్నారు. 1988లో టాటా మొబైల్ 206 వచ్చి, పికప్పు అను చిన్నజాతి బండికి మన దేశమున దారి తీసెను.

ఇన్ని దేశముల బండ్లకు నీళ్ళు కారినపుడు మాటు వేయు విద్య మాత్రము ఇచటికి పైనుండి రావలసిన పని లేకుండెను. మన యిండ్లలోని రాగి, ఇత్తడి పాత్రలకు ఏడాదికొకమారైన కళాయి పెట్టించుకొననిదే పులుసు కాచుటకు వీలులేదు. పులుపు తగిలిన ఇత్తడి కిలుమెక్కి కడుపునకు విషమగును. కళాయివాడు వీధి మొగలో గుంట త్రవ్వి, తోలుతిత్తితో బొగ్గు రగిల్చి, గిన్నెను పట్టకారుతో త్రిప్పుచు కాచి, నవాసాగరము చల్లి, దూదితో ఒక్క తుడుపు తుడిచెనా, తెల్లని పొగ లేచి, తగరపు కడ్డీ తాకినంతమేర నల్లని లోహము వెండివలె మెరసిపోవును. చిన్నతనమున ఆ క్షణమునకై ఎండలో గంటసేపు నిలిచి చూచిన జ్ఞాపకము నాకు నేటికిని చెరగలేదు. అతడు నవాసాగరమును ‘నౌసాదర్’ అనెడివాడు. ఆ ఉర్దూ మాటయే బోధను రేడియేటరు దుకాణములలో నేను మరల వింటిని. రేడియేటరు తొట్టె ఇత్తడి, రెక్కలు రాగి, కూర్చునది తగరము, సీసము కలిసిన టంకము. రాగి కరగుటకు 1085 డిగ్రీలు కావలయును. తగరమునకు 232 చాలును. తగిన పాళ్ళలో సీసము కలిపినచో 183 డిగ్రీలకే జారును. ఈ అంతరము మీదనే ఆ వృత్తి యంతయు ఆధారపడియున్నది: వేడి కొంచెము తక్కువైనచో టంకము పట్టదు, ఎక్కువైనచో ప్రక్క అతుకు ఊడును. ఆ హద్దును కొలుచు పనిముట్టు ఉస్తాదు కన్నే.

హీటరు కోరును బయటికి తీయుట మరమ్మతు కంటె పెద్దపని. నీళ్ళు దింపి, ఇంజను ప్రక్కనుండి లోపలికి పోవు రెండు గొట్టముల క్లిప్పులు వదలుచేసి, డ్యాష్‌బోర్డు మరలను ఒక్కొక్కటిగా విప్పి, తీగల నడుమనున్న పెట్టెను వెలికి తీయవలయును. ఆపైని కోరునకున్న ఒక మూతిని రబ్బరుతో బిగించి, రెండవదానినుండి గాలి యెక్కించి, నీళ్ళతొట్టిలో ముంచుదురు. కొంతసేపు ఏమియు కానరాదు. శిష్యుడగు షాగిర్దు ఊపిరి బిగబట్టి చూచుచుండగా, ఒక మూలనుండి ఆవగింజంత బుడగలు వరుసగా లేచును. అచట సుద్దతో గుర్తుపెట్టి, ఆరనిచ్చి, తీగకుంచెతో గీకి, ఆమ్లము పూసి, బ్లోల్యాంపు మంటను దూరమునుండి ఆడించుచు తగరపు చుక్కను జార్చుదురు. కాలువ నీరో బావి నీరో డబ్బాతో ముంచిపోసిన బండ్లలో సున్నపు పొర గొట్టములను మూసివేసియుండును. అట్టిదానికి తొట్టె ఊడదీసి సన్నని పట్టీతో ఒక్కొక్క గొట్టమును పొడిచి శుభ్రము చేయక తప్పదు.

సొమ్ము లేనివారు ఈ పనికంతటికి పోరు. రెండు గొట్టములను ఒక రాగిముక్కతో కలిపి, కోరును దాటవేసి పోవుదురు. ఇంజనునకు దాని వలన హానిలేదు. ఐనను పాత డ్రైవర్లు ఆ పద్ధతిని ఇష్టపడరు. నిర్మల్ దాపున మహబూబ్ ఘాట్ ఎక్కునపుడు ఇంజను కాగి సూది ఎర్రగీతకు చేరినచో, కిటికీలు దించి హీటరు తెరచి, ఆ సెగను తమ మోకాళ్ళమీద భరించుచు బండిని పైకి చేర్చిన అనుభవము వారికి కలదు. ఇంజనునకు అది రెండవ రేడియేటరు. చెరకు దింపుటకై తెల్లవార్లు వరుసలో నిలిచిన డిసెంబరు రాత్రులలో దాని వెచ్చదనమును ఎరిగినవారును కలరు.

బోధను కర్మాగారము 2015 చివర మూతపడినది. చెరకు నాటిన మళ్ళలో నేడు వరి పండుచున్నది. పికప్పులు ధాన్యపు బస్తాలు మోయుచున్నవి. కొత్త బండ్లలో కోరు అల్యూమినియముది, తొట్టె ప్లాస్టికుది. తగరము దానికి పట్టదు, కారినది పారవేసి వేరొకటి కొని బిగించుటయే మార్గము. ఇది నాకు బాధాకరముగనే యున్నది, ఏలయనగా పోవుచున్నది వస్తువు కాదు, నీటిలో బుడగను చూచి లోహపు మనసెరిగిన చూపు. పాతసామాను కొనువాడు కిలో లెక్కన ధరచెప్పి ఎన్నిమారులు వచ్చినను, ఉస్తాదు తన గోడవార పేర్చుకొన్న పాత ఇత్తడి తొట్టెలను అమ్మడు. అట్టి బండి మరియొకటి వచ్చినచో మాటునకు ముక్క దొరకవలయునని ఆయన మాట.