యువగ్రామములు: ఇల్లు లేని పిల్లల విద్యాచరిత్ర

హీబ్రూ భాషలో 'కఫార్' అనగా గ్రామము. 'నోఆర్' అనగా యువజనము. ఈ రెండు మాటల కలయికచే నేర్పడిన పేరునకు మేమీ వ్యాసమున 'యువగ్రామము' అను మాటను వాడుచున్నాము. 'గురుకులము' అన్నచో వినుటకు ఇంపుగా నుండును గాని అర్థము చెడును. గురుకులమున శిష్యుడు గురువునింట నుండును. ఆ యిల్లు గురువుది. యువగ్రామమునందలి పాఠశాల, పొలము, పశువులసాల, వంటశాల అక్కడ వసించు పిల్లలవే యను భావమే ఆ వ్యవస్థకు మూలము. 'వసతిగృహము' అనుటయు చాలదు. వసతిగృహమునందలి పిల్లవాడు సెలవులకు ఇంటికి పోవును. యువగ్రామములకు వచ్చిన తొలితరము వారిలో పెక్కురకు పోవుటకు ఇల్లు లేదు. మా చర్చకు ఈ చివరి భేదమే ముఖ్యము.

పాలస్తీనాలో 1870లోనే మిక్వే ఇస్రాయెల్ అను వ్యవసాయ పాఠశాల వెలసినది. కాని యువగ్రామమునకు అసలు బీజము బెర్లిన్ నగరపు పేదవాడలో పడినదని మా యభిప్రాయము. అచ్చట సీగ్‌ఫ్రీడ్ లేమన్ అను యువవైద్యుడు 1916లో తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన యూదుల పిల్లలకై ఒక జనసేవా గృహమును నెలకొల్పెను. కాఫ్కా తాను వివాహమాడదలచిన ఫెలీస్ బావర్‌ను అందు పనిచేయుమని లేఖలలో ప్రోత్సహించిన సంగతి సాహిత్య విద్యార్థు లెరుగుదురు. మొదటి ప్రపంచయుద్ధానంతరము లేమన్ లిథుయేనియాలోని కోవ్నో నగరమునకు పోయి యుద్ధమున అనాథలైన పిల్లలకు ఆశ్రయము కల్పించెను. 1927లో ఆ పిల్లలలో కొందరిని వెంటబెట్టుకొని పాలస్తీనా చేరి, లిద్దా పట్టణమునకు చేరువనున్న బెన్ షెమెన్‌లో యువగ్రామమును స్థాపించెను. పూటలో సగము చదువు, సగము పొలముపని; గ్రామపు కట్టుబాట్లను నిర్ణయించుటలో పిల్లలకు పాలు; సాయంకాలము సంగీతము: ఇది అచ్చటి దినచర్య. పొరుగున నున్న అరబ్బులతో మైత్రి నెరపవలెననియు లేమన్ గట్టిగా నమ్మెను.

ఇట్టి గ్రామ మొక్కటియే యుండినచో అది విద్యాచరిత్రలో ఒక చిన్న ప్రయోగముగా మిగిలిపోయెడిదేమో. దానిని మహావ్యవస్థగా మార్చినది జర్మనీలోని దుర్దినములు. 1932లో బెర్లిన్‌లో రేహా ఫ్రయర్ అను నామెయొద్దకు కొందరు యూదయువకులు వచ్చి, తమను పనులనుండి తొలగించిరని మొరపెట్టుకొనిరి. ఆమె ఒక రబ్బీ భార్య. జానపద గాథలయందు అభిరుచి గలది. అధికారము, ధనము రెండును లేనిది. పిల్లలను గుంపులుగా పాలస్తీనాకు పంపి, అచ్చట చదువు, వ్యవసాయము నేర్పింపవలెనను తలంపు ఆమెదే. ఆ యేడు అక్టోబరులో 12 మంది బాలురు బెర్లిన్ నుండి బయలుదేరి బెన్ షెమెన్ చేరిరి. 1933 జనవరి 30న ఆమె తన సంస్థను స్థాపించెను. హిట్లరు ఛాన్సలరైనదియు ఆ దినముననే. యువజనుల వలసకై యేర్పడిన ఈ ఉద్యమమునకు 'యూత్ అలియా' అను పేరు స్థిరపడినది.

పాలస్తీనాలో ఈ భారమును వహించిన హెన్రియెట్టా సోల్డ్ అమెరికాలోని బాల్టిమోరులో 1860లో జన్మించినది. ఫ్రయర్ ప్రతిపాదనను ఆమె మొదట నిరాకరించెను. దీనిని కాఠిన్యమనుట న్యాయము కాదు. పాలస్తీనాలో అప్పటికే యున్న నిరుపేద పిల్లలకు దిక్కులేక యుండగా క్రొత్తవారిని రప్పించి ఏమి పెట్టుదుమని ఆమె సందేహము. తరువాత సమ్మతించిన పిమ్మట మాత్రము ఆమె ఆ కార్యమునకే అంకితమైనది. 1934 ఫిబ్రవరిలో తొలి గుంపు హైఫా రేవున దిగునప్పటికి ఆమెకు 73 ఏండ్లు. స్వయముగా రేవునకు పోయి ఆ పిల్లలను కలిసికొనెను. వారు ఎయిన్ హరోద్ అను సమష్టి క్షేత్రమునకు చేరిరి. ఫ్రయర్ మాట వేరు. 1941లో తానే పారిపోయి పాలస్తీనా చేరినను, తాను పుట్టించిన సంస్థలో ఆమెకు చోటు దొరకలేదు. ఆ సంస్థకు ఇజ్రాయెల్ పురస్కారము 1958లో లభింపగా, ఆమెకు 1981లో గాని లభింపలేదు. సంస్థలు తమ ఆదిపురుషులను మరచుట లోకమున క్రొత్త గాదు. ఇచ్చట ఆదిస్త్రీని మరచిరి.

బ్రిటిషు ప్రభుత్వము పిల్లల పోషణకు పూచీ చూపినచో 15 మొదలు 17 ఏండ్లవారికి అనుమతిపత్రము లిచ్చుచుండెను. కావున గుంపుల వయస్సును, రెండేండ్ల శిక్షణావధిని విద్యాసిద్ధాంతము కంటె వలస నిబంధనలే యెక్కువగా నిర్ణయించిన వనవచ్చును. రెండవ ప్రపంచయుద్ధము మొదలగునప్పటికి ఇట్లు వచ్చిన వారి సంఖ్య సుమారు 5,000. ఒక్కొక్క గుంపునకు 'మద్రిఖ్' అను మార్గదర్శకు డుండెను. అతడు ఉపాధ్యాయుడు, అన్న, కాపరి అన్నియు తానే. ఈ పిల్లలను రైలెక్కించినవారు వారి తల్లిదండ్రులే యని మరువరాదు. బ్రదికించుటకు బిడ్డను దూరము చేసికొనిన ఆ తల్లిదండ్రులలో అనేకులు తరువాత హతులైరి.

1943 ఫిబ్రవరిలో వచ్చిన 'తెహరాను పిల్లల' కథ వేరొక ప్రశ్నను లేవనెత్తినది. పోలండునుండి పారిపోయి, సోవియట్ దేశమున తిరుగాడి, ఇరాను చేరిన వీరు కరాచీ మీదుగా ఓడలో సూయజుకు, అచ్చటినుండి రైలులో పాలస్తీనాకు వచ్చిరి. (ఆ కాలముననే పోలండు పిల్లలకు మన దేశమున నవానగరు జామ్ సాహెబు బాలాచడిలో ఆశ్రయ మిచ్చిన ఉదంతము ప్రత్యేక వ్యాసమునకు తగినది.) తెహరాను పిల్లలలో అనేకులు అనాథలు. వారిని ఆచారపరుల విద్యాలయములకు పంపుటయా, లౌకిక క్షేత్రములకు పంపుటయా యని పెద్ద వివాదము చెలరేగినది. ఇంట ఏ ఆచారము నడచెనో చెప్పుటకు తండ్రి లేడు. పిల్లవానినే అడుగవలసి వచ్చినది. పిల్లవానికి ఆశ్రయ మిచ్చిన చేయియే వాని మతమును, పేరును, జ్ఞాపకములను కూడ తీర్చిదిద్దగలదని అందరికిని తెలిసినది అప్పుడే.

1948 యుద్ధమున బెన్ షెమెన్ ముట్టడికి లోనుకాగా పిల్లలను కఫార్ విట్కిన్‌కు తరలించిరి. జూలైలో లిద్దా ఇజ్రాయెల్ సైన్యమునకు వశమైనది. అందలి అరబ్బు ప్రజలలో అత్యధికులు వెడలగొట్టబడిరి. ఇరుగుపొరుగు మైత్రికై లేమన్ కలగనిన పట్టణ మదియే. విద్యాచరిత్రకారులు ఈ సంగతిని రాజకీయచరిత్రకు విడిచిపెట్టుట మాకు సమ్మతము కాదు. నిరాశ్రయుల కొరకు పుట్టిన గ్రామపు పొలిమేరలోనే మరికొందరు నిరాశ్రయులైరి.

1950 దశకమున మొరాకో మొదలగు దేశముల పిల్లలు రాసాగిరి. వీరిలో పెక్కురకు తల్లిదండ్రులు సజీవులే. జర్మనీ పిల్లలకు తప్పనిసరియైన ఎడబాటు వీరివిషయమున అలవాటుగా మారినది. బుద్ధిపరీక్షలలో వీరికి తక్కువ మార్కులు వచ్చుటచే మందబుద్ధులని ముద్రవేయు ప్రమాద మేర్పడెను. రూవెన్ ఫోయర్‌స్టైన్ అను మనశ్శాస్త్రవేత్త జెనీవా పండితుడగు ఆంద్రే రేతో కలిసి ఈ పిల్లలను పరిశీలించి, పరీక్ష కొలుచునది నేర్చినదానిని మాత్రమే గాని నేర్వగల శక్తిని గాదని వాదించెను. పరీక్షించుచునే నేర్పి, ఎంత నేర్చెనో చూడవలెనను ఆయన పద్ధతి తరువాత పెక్కు దేశములకు వ్యాపించినది. యువగ్రామముల చరిత్రలో శాశ్వతమైన ఫలములలో నిదియొకటి యని మేము తలంచుచున్నాము. అది వాటి విజయమునుండి గాక వైఫల్యభయమునుండి పుట్టుట గమనింపదగినది.

హైఫా చెంత కార్మెల్ కొండపై 1953లో స్థాపితమైన యెమిన్ ఓర్డ్, 1944లో మన మణిపురమున విమానప్రమాదమున మరణించిన బ్రిటిషు సేనాని ఓర్డ్ వింగేట్ పేర వెలసినది. 1984-85లోను, 1991లోను ఇథియోపియా నుండి వచ్చిన యూదుల పిల్లలలో అత్యధికులు ఇట్టి ఆవాస విద్యాలయములకే చేరిరి. సూడాను దారిలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్నవారు కొందరు; ఇథియోపియాలో విడిచి వచ్చినవారు కొందరు. పలువురకు హీబ్రూ పేర్లు పెట్టిరి. తల్లి పెట్టిన పేరును మార్చుట చేర్చుకొనుటయా, చెరపివేయుటయా? ఆ పిల్లలే పెరిగి పెద్దవారై ఈ ప్రశ్న నడిగిరి.

ఈ నమూనా 2008లో ఆఫ్రికాకు చేరినది. 1994 నరమేధముచే అనాథలు నిండిన రువాండాలో, యెమిన్ ఓర్డ్‌ను చూచి స్ఫూర్తి నొందిన అన్ హేమన్ అను న్యాయవాది అగహోజో షాలోమ్ యువగ్రామమును స్థాపించెను. 'అగహోజో' అనగా ఆ దేశభాషలో కన్నీరు తుడుచు తావు. అచ్చట పిల్లలను పరదేశమునకు తరలించుట గాని, పేర్లు మార్చుట గాని లేదు. ఇంటింటికి ఒక 'మామా' యుండి వారిని పెంచును. ఆ తల్లులలో పెక్కురు నరమేధమున తమ వారిని కోల్పోయినవారే.