టెలికాం పరిశోధనలో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం: సికింద్రాబాద్ 'కవచ్' అనుభవం

సికింద్రాబాద్‌లోని తార్నాకలో 1957 నవంబర్ 24న ఏర్పాటైన భారతీయ రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్, టెలికమ్యూనికేషన్ల సంస్థ (ఇరిసెట్) దేశవ్యాప్తంగా రైల్వే సిగ్నల్, టెలికాం అధికారులకు, సిబ్బందికి శిక్షణ ఇస్తున్నది. 1966 అక్టోబర్ 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం కూడా ఈ నగరంలోనే ఉన్నది. రైళ్ళు ఢీకొనకుండా కాపాడే 'కవచ్' వ్యవస్థ తొలి ప్రయోగాలకు ఈ మండలమే వేదిక అయినది. ప్రభుత్వ పరిశోధన, ప్రైవేటు తయారీ, విశ్వవిద్యాలయ బోధన పరస్పరం ఎట్లు తోడ్పడగలవో, భాగస్వామ్యం నిలవాలంటే ఏయే జాగ్రత్తలు అవసరమో తెలుసుకొనుటకు ఈ అనుభవం ఉపకరిస్తుంది.

నేపథ్యం

టెలికాం రంగంలో విశ్వవిద్యాలయ పరిశోధనకు ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య (పి.పి.పి.) పద్ధతిని కేంద్ర టెలికాం శాఖ 2007లో చేపట్టింది. ఈ మేరకు ఏడు టెలికాం ఎక్స్‌లెన్స్ కేంద్రాలు రూపొందాయి. ఒక్కొక్క విద్యాసంస్థకు ఒక్కొక్క సేవా సంస్థ తోడుగా నిలిచింది. ఢిల్లీ ఐ.ఐ.టి.కి భారతీ ఎయిర్‌టెల్, కాన్పూర్ ఐ.ఐ.టి.కి బి.ఎస్.ఎన్.ఎల్., ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.కి వొడాఫోన్ ఎస్సార్, మద్రాసు ఐ.ఐ.టి.కి రిలయన్స్, బొంబాయి ఐ.ఐ.టి.కి టాటా టెలిసర్వీసెస్, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఎయిర్‌సెల్, అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.కు ఐడియా సెల్యులార్ భాగస్వాములైనవి.

కాగా, తరువాతి దశాబ్దంలో టెలికాం విపణి పూర్తిగా మారిపోయినది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. వొడాఫోన్, ఐడియా అదే సంవత్సరం విలీనమైనాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ సేవల నుంచి తప్పుకొన్నది. టాటా టెలిసర్వీసెస్ మొబైల్ వ్యాపారం 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసింది. ఏడుగురు భాగస్వాములలో అదే పేరుతో, అదే వ్యాపారంతో మిగిలినవి ఎయిర్‌టెల్, బి.ఎస్.ఎన్.ఎల్. మాత్రమే. పరిశోధనకు ఫలితం రావడానికి పదేళ్ళు పట్టవచ్చును. పోషక సంస్థ అంతకాలం నిలుస్తుందన్న హామీ లేదు. ఒకే కంపెనీపై ఆధారపడిన పరిశోధన కేంద్రానికి ఉండే ముప్పు ఇదే.

హైదరాబాద్ విద్యాసంస్థలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో గచ్చిబౌలిలో ప్రారంభమైన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ (ఐ.ఐ.ఐ.టి.) లాభాపేక్ష లేని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఏర్పడింది. రాష్ట్ర ప్రభుత్వం భూమి, భవనాల రూపంలో సహాయం అందించింది. పరిశ్రమల ప్రతినిధులు పాలనలో భాగస్వాములైనారు. సంస్థకు స్వతంత్ర ప్రతిపత్తి ఉన్నందున ఏ ఒక్క కంపెనీ తప్పుకొన్నా సంస్థ నిలిచే వీలున్నది. సిగ్నల్ ప్రాసెసింగ్, కమ్యూనికేషన్ల పరిశోధనకు ఇక్కడ ప్రత్యేక కేంద్రం ఉన్నది.

హైదరాబాద్ ఐ.ఐ.టి. 2008లో ఆరంభమైనది. టెలికాం శాఖ 2018లో సుమారు రూ. 224 కోట్లతో మంజూరు చేసిన స్వదేశీ 5జి పరీక్షా వేదికలో పాల్గొన్న ఎనిమిది సంస్థలలో ఇది ఒకటి. ఆ వేదికను 2022 మే 17న ప్రధానమంత్రి ప్రారంభించారు. ఇక్కడ ఇంక్యుబేషన్ పొందిన వైసిగ్ నెట్‌వర్క్స్ సంస్థ 5జి పరికరాల రూపకల్పనలో కృషి చేస్తున్నది. స్వంత ప్రయోగశాల నిర్మించుకొనే స్తోమత లేని చిన్న సంస్థలకు ఇటువంటి ఉమ్మడి వేదికలు ఎంతో అవసరం.

'కవచ్' పనిచేయు విధానం

కవచ్ ప్రధానంగా ఒక కమ్యూనికేషన్ వ్యవస్థ. పట్టాల మధ్య అమర్చిన ఆర్.ఎఫ్.ఐ.డి. ట్యాగుల ద్వారా రైలు తాను ఉన్న చోటును గుర్తిస్తుంది. స్టేషన్‌లోని యంత్రం సిగ్నళ్ళ సమాచారాన్ని టవర్ల ద్వారా రేడియో తరంగాలపై ఇంజన్‌కు చేరవేస్తుంది. స్టేషన్ల మధ్య ఆప్టికల్ ఫైబర్ అనుసంధానం ఉంటుంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్‌ను దాటబోయినా, పరిమితిని మించిన వేగంతో పోయినా వ్యవస్థ తనంత తానుగా బ్రేకులు వేస్తుంది. ఇది భద్రతలో అత్యున్నత స్థాయి అయిన ఎస్.ఐ.ఎల్.-4 ప్రమాణానికి అనుగుణంగా రూపొందినది.

సాంకేతిక ప్రమాణాలను లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. నిర్ణయించింది. హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్, హెచ్.బి.ఎల్. పవర్ సిస్టమ్స్ పరికరాలను తయారు చేశాయి. ప్రయాణికుల రైళ్ళపై క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలైనాయి. 2020 జూలైలో దీనిని జాతీయ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించడం జరిగింది. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో రెండు ఇంజన్లను ఒకే పట్టాపై ఎదురెదురుగా నడుపగా, 380 మీటర్ల దూరంలోనే ఇంజన్ దానంతటదే ఆగింది.

అభివృద్ధికి అయిన వ్యయం రూ. 16.88 కోట్లు మాత్రమేనని రైల్వే శాఖ పేర్కొన్నది. అమలుకు మాత్రం కిలోమీటరుకు సుమారు రూ. 50 లక్షలు, ఒక్కొక్క ఇంజన్‌కు సుమారు రూ. 80 లక్షలు అవసరం. 2024 ఆరంభానికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గంలో కవచ్ ఏర్పాటైనది. మెరుగుపరచిన 4.0 నమూనాకు 2024 జూలై 16న ఆమోదం లభించింది.

జాప్యం వల్ల కలుగు నష్టం

2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి సమీపంలో రెండు ప్యాసింజర్ రైళ్ళు ఢీకొని 14 మంది మరణించారు. వెనుక నుంచి వచ్చిన రైలు సిగ్నళ్ళను అతిక్రమించినదని ప్రాథమిక విచారణ తెలిపింది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. ప్రయోగశాలలో సిద్ధమైన పరిజ్ఞానం పట్టాలపైకి చేరడంలో జరిగే జాప్యానికి మూల్యం ఎంతటిదో ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది.

విశ్వవిద్యాలయాల పాత్ర

విస్తరణకు నిధులతోపాటు నిపుణులు కూడా కావాలి. ఈ దృష్టితో కవచ్‌ను బి.టెక్. పాఠ్యప్రణాళికలో చేర్చుటకు 17 ఇంజనీరింగ్ విద్యాసంస్థలు, విశ్వవిద్యాలయాలతో ఇరిసెట్ అవగాహన ఒప్పందాలు కుదుర్చుకొన్నట్లు రైల్వే శాఖ 2025లో వెల్లడించింది. రైల్వే రేడియో కమ్యూనికేషన్ కొరకు 700 మెగాహెర్ట్‌జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్‌జ్ స్పెక్ట్రంను కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో కేటాయించింది. వేగంగా పోయే రైలుకు నిరంతర అనుసంధానం, సంకేతాల గోప్యత వంటి అంశాలలో విద్యాసంస్థల పరిశోధనకు ఇది విస్తృత అవకాశం కల్పిస్తున్నది. సంస్థలు, పరిశ్రమలు కలిసి చేసే పరిశోధనకు ఆర్థిక సహాయం అందించుటకు టెలికాం టెక్నాలజీ అభివృద్ధి నిధి 2022 అక్టోబర్ 1న ప్రారంభమైనది. సార్వత్రిక సేవా నిధి వార్షిక వసూళ్ళలో 5 శాతాన్ని దీనికి ఉద్దేశించారు.

గమనించవలసిన అంశాలు

ఒప్పందాలను పరిశీలించే అధికారులకు, వాటి గురించి వ్రాసే పాత్రికేయులకు పై అనుభవాల నుంచి నాలుగు ప్రశ్నలు ముఖ్యమైనవిగా కనిపిస్తాయి. పోషక సంస్థ తప్పుకొంటే పరిశోధన, పరిశోధక విద్యార్థుల వేతనాలు ఎట్లు కొనసాగుతాయి? పరిశోధన ఫలితాలపై హక్కులు ఎవరివి? సాంకేతిక ప్రమాణాలు ప్రజా సంస్థ చేతిలో ఉండి, ఒకరికి మించి తయారీదారులకు అవకాశం ఉన్నదా? పరీక్షలు ముగిసిన పరిజ్ఞానాన్ని అమలు చేయుటకు కాలపరిమితి, నిధులు ముందుగానే నిర్ణయమైనాయా? కవచ్ విషయంలో మూడవ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం లభించింది. నాలుగవ ప్రశ్నకు సమాధానం ఏటా పూర్తయ్యే కిలోమీటర్లలోనే వెదకవలసి ఉన్నది.