అమ్మిన చేతికా, చేసిన చేతికా?

కొన్న వస్తువు వెనక్కిచ్చే విద్యలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరని మగవాళ్ళు ఎకసెక్కంగా అంటూంటారు. అననివ్వండి! అది విద్యే, అందులోనూ చాలా పాత విద్య. బండారులంక చీరలు మూటగట్టి ఊళ్ళమ్మట తిరిగే అతను వీధరుగు మీద మూట విప్పి, "తీసుకోండమ్మగారూ, రంగు పోతే నన్నడగండి, నేనెక్కడికి పోతానండీ!" అనేవాడు. రంగు పోతే పై నెలలో అదే అరుగు మీద అదే చీర అతని ముందు పడేది. నేసినవాడు అతనే, కాకపోతే అతని బావమరిది. ఎవరిని అడగాలన్న ప్రశ్నే పుట్టేది కాదు.

ఇప్పుడు మన చేతిలో ఉండే ఫోను సంగతి అలాక్కాదు. చేసినవాడు ఏ కొరియాలోనో ఉంటాడు. అందులో బ్యాటరీ చేసినవాడు ఇంకెక్కడో ఉంటాడు. తెప్పించినవాడొకడు, జిల్లాలకు పంచినవాడొకడు, అమలాపురం బజార్లో మనకి అమ్మినవాడు మరొకడు. ఇన్ని చేతులు మారి వచ్చాక ఓ రోజున చేసినవాడు, "అయ్యో, అందులో లోపముంది, వెనక్కిచ్చెయ్యండి" అన్నాడనుకోండి. దీన్నే రీకాల్ అంటారు. పండక్కి అల్లుణ్ణి పిలిచినట్టు వస్తువుని పుట్టింటికి పిలవడమన్నమాట! పిలవడం బాగానే ఉంది, మరి ఎవరి చేతిలో పెట్టాలి? అమ్మిన చేతిలోనా, చేసిన చేతిలోనా? ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి చాలా శతాబ్దాలే పట్టింది.

కొన్నాకనో అమ్మాకనో మనసు మారడాన్ని మన పాత ధర్మశాస్త్రాలు 'అనుశయం' అన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం దానికి గడువు కూడా పెట్టింది. వర్తకులకి ఒక రాత్రి, వ్యవసాయం చేసేవాళ్ళకి మూడు రాత్రులు, పశువుల్ని కాచేవాళ్ళకి ఐదు రాత్రులు. మనుస్మృతి కాస్త ఉదారంగా పది రోజులిచ్చింది. చీరల విషయంలో ఒక్క రాత్రేం చాలుతుంది, ఉతికి చూడొద్దూ! ఏమైనా ఆ గడువులన్నీ ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి సంబంధించినవి. కొన్నవాడూ అమ్మినవాడూ తప్ప మూడోవాడి ఊసు లేదు.

ఇంగ్లీషువాళ్ళొచ్చాక వాళ్ళ న్యాయసూత్రం ఒకటి వెంటబెట్టుకొచ్చారు: 'కొనేవాడా, నీ జాగ్రత్త నీది!' 1930లో వచ్చిన సరుకుల విక్రయ చట్టం ఈ సూత్రాన్ని ఒప్పుకుంటూనే దానికి కొన్ని మినహాయింపులు పెట్టింది. ఫలానా పనికి కావాలని చెప్పి, దుకాణదారు నేర్పుని నమ్మి కొన్నప్పుడు ఆ వస్తువు ఆ పనికి పనికి రావాలంది. మంచిదే. కానీ అడిగే హక్కు అమ్మినవాడి గడప దగ్గరే ఆగిపోయేది. గోదావరికి ఆవలి గట్టున చేసినవాడు, ఈవలి గట్టున కొన్నది, మధ్యన పడవ నడిపే దుకాణదారు. సరుకు పాడని తేలితే పడవవాణ్ణి నిలదీయాలి తప్ప ఆవలి గట్టుకి కేక వేసినా పలికేవాడు లేడు.

ఆ గట్టుకి మొదట వినిపించేలా కేక వేసింది ఒక ఆడమనిషే. స్కాట్లండులో మే డొనొహ్యూ అనే ఆవిడ దుకాణంలో పనిచేసుకు బతికేది. 1928 ఆగస్టు 26న పేజ్లీ అనే ఊళ్ళో స్నేహితురాలితో ఒక హోటలుకి వెళ్ళింది. డబ్బిచ్చింది స్నేహితురాలు. వచ్చిన అల్లం పానీయం సీసా లోపలున్నది కనపడని ముదురు రంగుది. సగం తాగాక మిగతాది వంపుకుంటే అందులోంచి కుళ్ళిన నత్త పడిందని ఆవిడ ఫిర్యాదు. పాపం, జబ్బు చేసింది. ఎవరి మీద దావా వెయ్యాలి? కొన్నది తను కాదు కనక హోటలువాణ్ణి అడిగే హక్కు లేదు. అడిగినా, మూతబిగించిన సీసాలో నత్త ఉందని అతనికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఆవిడ తిన్నగా ఆ పానీయం తయారుచేసిన స్టీవెన్సన్ మీదే వేసింది. ఖర్చులకి డబ్బు లేదు, బీదరాలినని పత్రం దాఖలు చేసుకుని మరీ లండన్ ప్రభువుల సభ దాకా వెళ్ళింది. 1932 మే 26న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆవిడ వైపు మొగ్గారు. నీ పని వల్ల ఎవరికి కీడు జరగొచ్చునో వాళ్ళంతా నీకు పొరుగువాళ్ళే, వాళ్ళ విషయంలో నీకు బాధ్యతుందన్నారు లార్డ్ అట్కిన్. సీసాలో నత్త నిజంగా ఉందో లేదో కోర్టులో ఎన్నడూ తేలనే లేదు! తేలిందల్లా ఒకటే. చేసినవాడు దుకాణదారు చాటున దాక్కోడానికి వీల్లేదు.

మన దేశంలో ఆ మాట సామాన్యుల వాడుకలోకి రావడానికి 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం దోవ వేసింది. ప్లీడరు లేకుండా మనమే వెళ్ళి చెప్పుకోగల జిల్లా ఫోరాలు దాని చలవే. ఫోను విషయంలో ఇదంతా మన ఇళ్ళదాకా వచ్చింది 2007లో.

నోకియా 1100 గుర్తుందా? 2003లో వచ్చింది, నెత్తిన చిన్న టార్చిలైటు. కరెంటు పోయిన రాత్రి కొబ్బరితోటల్లో దారి చూపించడానికి అంతకంటే నమ్మకస్తుడు లేడు. అందులో వేసేది బి.ఎల్.-5సి అనే బ్యాటరీ. 2007 ఆగస్టు 14న నోకియా ఒక ప్రకటన చేసింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా జపాన్‌లోని మట్సుషిటా కంపెనీ చేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల్లో కొన్ని చార్జింగు పెట్టినప్పుడు వేడెక్కవచ్చు, కావలసినవాళ్ళకి ఉచితంగా మారుస్తామని. ప్రపంచం మొత్తమ్మీద అలాంటి ఘటనలు వంద దాకా జరిగాయి, ప్రాణాలకి హాని జరగలేదు. అయినా మన దేశంలో కంగారు ఇంతా అంతా కాదు, సర్వీసు సెంటర్ల ముందు బారులు తీరారు. 1995లో పాశర్లపూడి బావి మంటలు రెండు నెలలకి పైగా చూసిన కోనసీమవాళ్ళకి, 'మంట' అంటే నవ్వులాటగా తీసుకోమని ఎవరు చెప్పగలరు?

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బ్యాటరీ మంచిదో కాదో తేల్చింది దుకాణదారు మాట కాదు, దాని వీపున అచ్చువేసిన 26 అక్షరాల అంకెల వరస. వస్తువే తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం నేర్చుకుంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళకి అసలైన రీకాల్ వచ్చింది. 2016 ఆగస్టు 19న శామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 ఫోనుని కొన్ని దేశాల్లో అమ్మకానికి పెట్టింది. మన దేశంలో దాని ధర 59,900 రూపాయలని ప్రకటించి ముందస్తు బుకింగులు కూడా తీసుకున్నారు. ఇంతలో అమ్మిన చోట్ల ఫోన్లు అంటుకున్నాయి. సెప్టెంబరు 2న కంపెనీ అమ్మకాలు ఆపేసి 25 లక్షల ఫోన్లు మార్చి ఇస్తానంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మన దుకాణాల్లోకి రాకముందే గండం తప్పింది. తీరా మార్చి ఇచ్చిన ఫోన్లూ కాలాయి. అక్టోబరు 5న అమెరికాలో లూయీవిల్ విమానాశ్రయంలో ఎగరబోయే విమానంలో ఒకటి పొగలు కక్కితే ప్రయాణికులందర్నీ దింపేశారు. అక్టోబరు 11న ఆ ఫోను తయారీకే మంగళం పాడారు. 2017 జనవరిలో కారణం బయటపెట్టారు. బ్యాటరీలు సరఫరా చేసిన కంపెనీలు రెండు, రెంటిలోనూ లోపాలే, అవీ వేరువేరు లోపాలు!

వెనక్కివ్వడం అంత తేలిక కాలేదు. కొన్న చోటికే తీసుకెళ్ళమన్నది అమెరికాలో మొదటి మాట. పోస్టులో పంపేవాళ్ళకి మంటకి ఓర్చుకునే పెట్టె, చేతి తొడుగులు పంపారు. ఆ పెట్టె విమానం ఎక్కడానికి మాత్రం వీల్లేదు. అక్టోబరు 15 నుంచి ఆ ఫోనుతో మనిషి కూడా అక్కడ విమానం ఎక్కకూడదన్నారు.

ఇది చదువుతుంటే రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళనుంచి కువైట్, ఒమన్, దుబాయి వెళ్ళి పరాయి ఇళ్ళలో వంటా పనీ చేసే మన ఆడవాళ్ళే కళ్ళముందు మెదులుతారు. బిడ్డని తల్లి దగ్గర వదిలి వెళ్ళిన మనిషి, నెలల జీతం కూడబెట్టి, ఊరొచ్చే వాళ్ళ పెట్టెలో ఫోను పంపుతుంది, బిడ్డ మొహం చూడొచ్చునని. బిల్లు అక్కడి గదిలో, ఫోను ఇక్కడి గూట్లో. అలాంటి ఫోనుని రేపు వెనక్కి పిలిస్తే ఈ అమ్మమ్మ ఎక్కడికి తీసుకెళ్ళాలి? కొన్న చోటు సముద్రానికి ఆవల, వెళ్ళే దారి విమానం. అమ్మిన చేతికే ఇమ్మనే నియమం ఇలాంటి ఇళ్ళ దగ్గరే చతికిలబడుతుంది.

ఇప్పుడు మధ్య చేతుల్లో ఇంకోటి చేరింది, ఇంటర్నెట్ అంగడి. అంగడి పేరొకటి, అందులో అమ్మేవాడు వేరొకడు. దీని మీద తేల్చిన కేసు మన వంటింటిదే. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఐ.ఎస్.ఐ. ప్రమాణాలకి నిలవని 2,265 ప్రెషర్ కుక్కర్లు తన అంగట్లో అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసింది. కొన్నవాళ్ళందరికీ కబురుచేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగిమ్మంది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఏదైతేనేం, 'అమ్మింది నేను కాదు, చోటిచ్చానంతే' అన్న మాట ఇకమీదట అంత తేలిగ్గా చెల్లదని అందరికీ తెలిసొచ్చింది.

ఆ సంస్థ 2019లో వచ్చిన కొత్త చట్టం బిడ్డ. 2020 జులై 20 నుంచి అమల్లోకొచ్చిన ఆ చట్టం, వస్తువు వల్ల హాని జరిగితే చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, బాగుచేసినవాణ్ణీ కూడా నిలబెట్టి అడగనిస్తుంది. ఇంకో మేలు కూడా చేసింది. 1986 చట్టం ప్రకారం ఎదుటివాడున్న చోటో, వ్యవహారం నడిచిన చోటో కేసు వెయ్యాలి. ఇప్పుడు మనం కాపురముండే చోటి జిల్లా కమిషన్‌లోనే వెయ్యవచ్చు. గడువు రెండేళ్ళు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అంతకన్నా ముందు 1915 అనే నంబరుకి ఫోను చేసి సలహా అడగొచ్చు.

అంచేత చేసినవాడి చెవికి మన మాట చేరే దారి ఏర్పడింది. మిగిలింది మన వంతు. మూటవాడి మొహం మనకి తెలుసు, మన మొహం అతనికి తెలుసు, అదే అతని రసీదు. మొహాలు తెలియని బేరంలో ఆ పని కాగితం చెయ్యాలి. ఫోను పెట్టె పారెయ్యకండి. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే తెర మీద కనపడే పదిహేనంకెల వరస ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. గల్ఫ్ నుంచి పంపేవాళ్ళని బిల్లు ఫోటో తీసి పంపమనండి.

ఆ తర్వాత అడగడానికి మొహమాటపడకండి. ఆ స్కాట్లండు మనిషి తాగింది తను కొన్నది కాదు, చేతిలో డబ్బు లేదు, ఎదురుగా ఉన్నది కంపెనీ యజమాని. మరి ఆవిడ అడగలేదూ?