టోపీ పిన్నుతో రిపేర్: కారు ఓనరే మెకానిక్‌గా ఉన్న రోజులు

మొన్న సర్వీసింగ్‌కి కారు ఇస్తే బిల్లులో ఎయిర్ ఫిల్టర్ మార్చినందుకు లేబర్ చార్జి వేశారు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే, ఆ డబ్బా మూతకి ఉన్నవి నాలుగు క్లిప్పులు. అంతే! రెండు నిమిషాల పని. కారు నాదే, కానీ లోపల ఏముందో నాకు తెలీదు. మొదటి నుంచీ ఇలాగే ఉండేదా? అస్సలు కాదు.

1888 ఆగస్టుకి వెళ్దాం. జర్మనీలో మాన్‌హైమ్ ఊరు. కార్ల్ బెంజ్ రెండేళ్ల ముందే మోటారు బండికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ కొనేవాళ్లు ఎక్కడ? ఆయన భార్య బెర్తా బెంజ్, పెళ్లికి ముందే తన కట్నం డబ్బు ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి, ఒక రోజు తెల్లవారుజామున ఆయనకి చెప్పకుండా మూడు చక్రాల బండి తీసింది. ఇద్దరు కొడుకులు, యూజెన్, రిచర్డ్ వెంట ఉన్నారు. వెళ్లాల్సింది ఆమె పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్, దాదాపు 100 కిలోమీటర్లు.

దారిలో మెకానిక్ షెడ్డు లేదు. అసలు ఆ వృత్తే ఇంకా పుట్టలేదు కదా! ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్ను పెట్టి పొడిచింది. ఇగ్నిషన్ వైరు తొడుగు అరిగిపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. పెట్రోల్ బంకు లేదు కాబట్టి వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపుకి వెళ్లి, మరకలు తీసే లిగ్రోయిన్ కొని బండిలో పోసింది. ఇంజన్ చల్లబరచే నీళ్లు ఆవిరైపోతుంటే దొరికిన చోటల్లా నింపుకుంటూ పోయారు. చైను బాగు చేయడానికి కమ్మరి సాయం పట్టాడు. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. ఇప్పుడు మనం బ్రేక్ ప్యాడ్ లైనింగ్ అంటున్నాం చూడండి, దాని ముత్తాత అదే. ఎత్తుల మీద పిల్లలు దిగి తోశారు. ఆ కష్టం విన్నాకే బెంజ్ బండికి ఇంకో గేరు చేర్చాడు. ఫీల్డ్ టెస్టింగ్ అంటే ఇదీ!

తర్వాత 1908లో అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి వచ్చింది. 1927 దాకా కోటిన్నర పైగా తయారయ్యాయి. కొన్నవాళ్లలో రైతులు చాలామంది. దగ్గర్లో గ్యారేజీ ఉండదు, కాబట్టి స్పానరు పట్టుకోక తప్పదు. ఫోర్డ్ ఇచ్చిన పుస్తకం కూడా ప్రశ్న-జవాబుల్లో ఉండేది, మన గైడ్ల లాగా. ఆయిల్ చూడాలంటే డిప్‌స్టిక్ లేదు. బండి కింద దూరి, ఇంజన్ అడుగున ఉన్న రెండు చిన్న కుళాయిలు తిప్పాలి. పైదాంట్లోంచి ఆయిల్ వస్తే సరిపోయినట్టు. కిందదాంట్లోంచి కూడా రాకపోతే ఇంజన్ స్టార్ట్ చేయకూడదు. పెట్రోల్ ట్యాంకు సీటు కింద, పంపు లేదు. ట్యాంకులో పెట్రోల్ తక్కువుంటే నిటారు ఎత్తుల్లో ఇంజన్‌కి చేరదు. అందుకని కొండ ఎక్కాలంటే రివర్స్‌లో ఎక్కేవాళ్లు!

ఇంకో సంగతి. వెనక చక్రం జాకీ మీద లేపి, బెల్టు తగిలించి, దాంతో కట్టెలు కోసే రంపం తిప్పుకునేవారు. అయితే అంతా సరదా కాదండోయ్. ముందు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించకూడదని అందుకే నేర్పేవారు.

ఇది మగాళ్ల పని అనుకునేవాళ్ల కోసం ఒక్క మాట. 1945లో, యుద్ధం నడుస్తుండగా, 18 ఏళ్ల రాకుమారి ఎలిజబెత్ బ్రిటిష్ సైన్యం మహిళా విభాగంలో చేరి టైర్లు మార్చడం, ఇంజన్ విప్పడం నేర్చుకుంది. తర్వాత రాణి అయింది ఈవిడే.

1969లో జాన్ మ్యూర్ అనే అమెరికన్, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని ఇంట్లోనే బాగు చేసుకోవడం మీద ఏమీ తెలియనివాళ్ల కోసం బొమ్మలతో పుస్తకం రాశాడు. ఆ కారుకి రేడియేటరే లేదు, గాలితోనే చల్లబడే ఇంజన్, కాబట్టి పని కొంచెం తేలిక.

మరి తాళం ఎక్కడ పడింది? నా లెక్కలో, కంప్యూటర్ వచ్చినప్పుడు. పొగ కాలుష్యం తగ్గించడానికి అది అవసరమే, కాదనను. కానీ లోపం ఏంటో కోడ్ రూపంలో లోపలే ఉంటుంది, చదివే మెషీన్ షోరూమ్ వాళ్ల దగ్గర ఉంటుంది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అన్ని కార్లకీ ఒకే రకం ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి చేశారు. అయినా వివరాలు దాచుతున్నారని గొడవ ఆగలేదు. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రంలో జనం ఓటేసి మరీ, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకీ ఓనర్లకీ ఇవ్వాల్సిందే అని చట్టం తెచ్చుకున్నారు.

ఆ సాకెట్ మన కొత్త కార్లలోనూ ఉంటుంది, స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర. చిన్న బ్లూటూత్ స్కానర్ గుచ్చితే కోడ్ ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఈ ఆదివారం బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఆయిల్ ఎక్కడుందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల కథ.