దేవుణ్ని వదిలిన ఇంట్లో

1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాల పత్రికలో దేవుడనే భావన మీద ఒక వ్యాసం వచ్చింది. రాసింది వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు గోపరాజు రామచంద్రరావు. ఆ వ్యాసంతో ఆయన ఉద్యోగం పోయింది. అంతకు అయిదేళ్ల ముందే జంధ్యం తీసేసి కన్నవారింటికి దూరమైన మనిషి ఆయన. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. అక్కడా నాస్తికత్వమే అడ్డొచ్చింది. 1940 నాటికి ఆయనకు ముప్పై ఏడేళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఎం.ఏ. పట్టా ఉంది, ఇంటినిండా పిల్లలున్నారు, నెల జీతం మాత్రం లేదు. తెలుగువాళ్లకు ఆయన గోరాగా తెలుసు.

దేవుణ్ని వదిలేసిన మనిషికి ఏం మిగులుతుంది? కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటాడు, తెల్లారి లేచి దేనికోసం పాటుపడతాడు? ఊళ్లలో అరుగుల మీద ఇప్పటికీ వినిపించే ప్రశ్నే ఇది. దీనికి జవాబు కావాలంటే తర్కం కన్నా ముందు గోరా ఇంటి చరిత్ర చూడాలి. మూడు తరాలు దేవుడు లేకుండా బతికిన ఇల్లు అది.

కృష్ణా జిల్లా ఉయ్యూరు దగ్గరి ముదునూరు వాళ్లు రమ్మని పిలిస్తే గోరా కుటుంబం అక్కడికి వెళ్లింది. 1940 ఆగస్టు 10న ఆ ఊళ్లోనే నాస్తిక కేంద్రం మొదలైంది. పేరు నాస్తికత్వానిదే గాని రోజంతా సాగిన పని వేరు. పెద్దవాళ్లకు చదువు చెప్పడం, అంటరానితనం మీద పోరాడటం, స్వాతంత్ర్యోద్యమానికి మనుషుల్ని కూడగట్టడం. పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్లూ ఒకే బంతిలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు పెట్టేవారు. కులాన్ని బట్టి బావులు వేరుగా ఉన్న రోజుల్లో ఒక బ్రాహ్మణ కుటుంబం ఆ బంతిలో కూర్చోవడమంటే చుట్టాలందరితో తెగతెంపులు చేసుకోవడమే.

పిల్లల పేర్లు చూస్తే ఆ ఇంటి మనసు తెలుస్తుంది. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడు సమరం. నియంతలు విర్రవీగుతున్న కాలంలో పుట్టినవాడు నియంత. మార్పు కోరుతూ ఒక బిడ్డకు మారు అని పెట్టారు. తొమ్మిదో సంతానం నౌ. ఏ దేవుడి పేరూ, ఏ తాతముత్తాతల పేరూ లేదు.

ఇంత సాహసంలో సగం గోరా భార్య సరస్వతి గోరాది. ఆ సగం గురించి మనవాళ్లు తక్కువ చెప్పుకుంటారు. 1912లో విజయనగరంలో పుట్టిన ఆమెకు పదేళ్ల వయసులో పెళ్లయింది. ఆచారాల మధ్య పెరిగిన పిల్ల. గోరా కొలంబోలో పనిచేస్తున్నప్పుడు, కడుపుతో ఉండి కూడా గ్రహణం వేళ ఆమె బయటికొచ్చి నిలబడింది. గ్రహణం మొర్రి భయం ఈనాటికీ పోని మన దేశంలో ఆ అడుగు ఎంత బరువైనదో ఏ తల్లినడిగినా చెబుతుంది. 1942లో క్విట్ ఇండియా పోరాటంలో రెండున్నరేళ్ల నియంతను వెంటబెట్టుకుని జైలుకెళ్లింది కూడా ఆమే.

ఈ కథలో అందరికన్నా పదునైన ప్రశ్న వేసింది మహాత్మాగాంధీ. దేవుడంటే ఏమిటని గోరా 1930లోనే ఆయనకు ఉత్తరం రాశారు. మనిషి ఊహకు అందనివాడని జవాబొచ్చింది. 1941లో కలవడానికి అనుమతి అడిగితే, మాట్లాడే తీరిక లేదంటూనే గాంధీజీ ఒక మాట జోడించారు. నాస్తికత్వాన్ని ప్రచారం చేసి గెలిచినవారు లేరట. గోరాకు దక్కిన విజయమేదైనా చుట్టూ ఉన్న జనం మధ్య నిజాయితీగా చేసిన సేవ వల్లనేనట. నాస్తిక జీవితానికి అర్థం నాస్తికత్వం నుంచే వస్తుందా, పని నుంచి వస్తుందా? ఆ చిన్న ఉత్తరం లేవనెత్తిన ప్రశ్న అది. సామాజిక శాస్త్రవేత్తలు అక్కడికి చేరడానికి డెబ్బై ఏళ్లు పట్టింది.

1944 చివర్లో గాంధీజీ ఆశ్రమం సేవాగ్రాం నుంచి పిలుపొచ్చింది. అక్కడ గోరా తన జవాబు వినిపించారు. కరువు పాలైన కలకత్తాలో దిక్కులేనివాళ్లు మిఠాయి దుకాణాల పక్కనే ఆకలితో చనిపోయారని, ఇదంతా తమ కర్మ అనుకున్నారు గనుకే చేయి చాచి అందుకోలేదని ఆయన వాదన. దేవుడున్నాడనుకునేవాడు తన బాధ్యతను పైవాడి మీదకు నెడతాడు, లేడని తెలిసినవాడు తానే మోస్తాడు. గోరా దృష్టిలో నాస్తికత్వమంటే కాదనడం కాదు, పూనుకోవడం. గాంధీజీ ఓపిగ్గా విన్నారు. తన ఆస్తికత్వమే సరైనదని గాని, గోరా నాస్తికత్వం తప్పని గాని తాను చెప్పలేనన్నారు. ఇద్దరూ సత్యాన్ని వెతికేవాళ్లేనన్నారు.

మాటలతో ఆగలేదు. గోరా పెద్దకూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైతే, సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీజీ మాటిచ్చారు. నాస్తికుల పెళ్లిలో ప్రమాణం దేవుడి పేరున కాకుండా సత్యం పేరున ఉంటుందని ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. అయినా ఆ మాట నిలబడింది. మార్చి 13న సేవాగ్రాం ఆశ్రమంలో గాంధీజీ సహచరుడు ఠక్కర్ బాపా ఎదుట ఆ పెళ్లి జరిగింది. రోజూ ప్రార్థన జరిగే ఆశ్రమంలో దేవుడి ఊసు లేని పెళ్లి! ఆస్తిక నాస్తిక వాదాల చరిత్రలో ఇంత పెద్దమనసుతో నడిచిన ఘట్టం మరొకటి దొరకడం కష్టం. 1951లో నవజీవన్ సంస్థ అచ్చువేసిన గోరా పుస్తకంలో ఈ సంగతులన్నీ ఉన్నాయి.

అప్పటికే కేంద్రం విజయవాడ పడమటకు మారింది. అక్కడి నుంచి పని విస్తరించిన తీరు ఆశ్చర్యపరుస్తుంది. భూదానోద్యమంలో వినోబా భావే ఆంధ్రలో నడిచినప్పుడు ఆయన మాటల్ని లవణం తెలుగు చేశారు. తర్వాత మహాకవి జాషువా కూతురు హేమలతను పెళ్లాడారు. ఆ దంపతులు స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్రపడ్డ కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. దేవుడి పేరున ఆడపిల్లల బతుకు బుగ్గి చేసే ఆచారాన్ని దేవుణ్ని నమ్మనివాళ్లు ఎదిరించారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు నాస్తిక కేంద్రం సహాయానికి దిగింది. మెదక్ పల్లెల్లో బాణామతి పేరుతో సాటి మనుషుల్నే హింసిస్తుంటే, గోరా కొడుకులు డాక్టర్ విజయం, డాక్టర్ సమరం బృందాలు వెళ్లి ఆ భయాన్ని విడమర్చి చెప్పాయి. వారపత్రికలు చదివే తెలుగువాళ్లకు సమరం పేరు వేరే చెప్పక్కర్లేదు. గోరా కూతురు విద్య విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు గెలిచారు.

పరమార్థం లేక కొట్టుకుపోయిన జీవితాలంటే వీటిని చూసి ఎవరూ ఒప్పుకోరు.

ఆనందం సంగతి అంత తేలిక కాదు. మతాన్ని పాటించేవాళ్లు తాము సంతోషంగా ఉన్నామని ఎక్కువగా చెబుతారని అమెరికా సర్వేలు చూపిస్తాయి. నిజమే. కానీ 2010లో లిమ్, పుట్నం అనే ఇద్దరు పరిశోధకులు ఆ లెక్కల్ని విప్పి చూశారు. చర్చిలో దగ్గరి స్నేహితులున్నవాళ్లకే ఆ తృప్తి ఎక్కువని తేలింది. ఒంటరిగా వెళ్లి ఒంటరిగా వచ్చేవాళ్లకు ఆ లాభం కనిపించలేదు. మరుసటి ఏడు మనస్తత్వ శాస్త్రవేత్త డీనర్ బృందం నూట యాభైకి పైగా దేశాల సమాచారం తీసుకుని మరో సంగతి పట్టుకుంది. ఆకలి, అభద్రత ఉన్నచోట నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ నిబ్బరంగా ఉన్నారు. బతుకు భద్రంగా ఉన్న సమాజాల్లో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. మనిషికి ఆసరా ఇచ్చేది సాటి మనిషి తోడు, సమాజంలో దక్కే గౌరవం. గుడి, మసీదు, చర్చి ఆ తోడును తరతరాలుగా సమకూరుస్తున్నాయి. గోరా దంపతులు పున్నమి బంతులతో, కులాంతర వివాహాలతో, ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంతో ఆ తోడును కొత్తగా కట్టుకున్నారు.

అలా కట్టుకోలేనివాళ్ల మాటేమిటి? గోరాకు చదువుంది, కాంగ్రెసు ఉద్యమంలో స్నేహితులున్నారు, ఆదరించిన ఊరుంది. పల్లెలో ఒక్కడే పండగ మానేసిన కుర్రాడికి, అత్తింట్లో వ్రతం చేయనన్న కోడలికి అవేవీ లేవు. 2011 జనాభా లెక్కల్లో నాస్తికులుగా నమోదైనవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 33 వేలు. నూట ఇరవై కోట్ల జనంలో ఆ అంకె ఇంత చిన్నదిగా ఉండటానికి భయం కూడా ఒక కారణమని నమ్మవచ్చు. అలాంటి ఒంటరి మనిషి దిగులుగా కనిపిస్తే తప్పు అతని నాస్తికత్వానిదని తేల్చేయడం అన్యాయం. వెలివేసినవాళ్లకూ అందులో వాటా ఉంది.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా కుప్పకూలి చనిపోయారు. ఆ తర్వాత 31 ఏళ్లపాటు సరస్వతి గోరా కేంద్రానికి పెద్దదిక్కుగా ఉన్నారు. 2006లో 93 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. హేమలత 2008లో, లవణం 2015లో, విజయం 2020లో వెళ్లిపోయారు. వాళ్ల ఉద్యమాలు, సభలు, జైళ్లు పుస్తకాలకెక్కాయి. జ్వరం వచ్చిన రాత్రి, చావు జరిగిన ఇంట మొక్కు లేకుండా వాళ్లు ధైర్యం ఎలా చెప్పుకున్నారో అంత వివరంగా ఎక్కలేదు. దేవుణ్ని వదిలేసిన మనిషికి ఏం మిగులుతుందన్న ప్రశ్నకు అసలు సాక్ష్యం అక్కడే ఉంది. ముదునూరులోనో పడమటలోనో ఆ పున్నమి బంతుల్లో కూర్చున్న పెద్దలు మీ ఇళ్లలో ఇంకా ఉంటే, వాళ్లను అడిగి ఆ మాటలు రాసిపెట్టండి.