రంగం ప్రయాణం: ఉద్దాన తీర వలసలో తోడు, భాష

ఉత్తరాంధ్ర తీరగ్రామాల వాడుకలో రంగూన్ నగరం పేరు ‘రంగం’. రంగం పోవడమంటే బతుకుతెరువుకై సముద్రం దాటడం. అలా వెళ్ళిన మనిషిని బర్మాలో ‘కోరంగీ’ అన్నారు. మద్రాసు ప్రభుత్వ పత్రాలలో అతడు గంజాం జిల్లా కూలీ. ఒకే మనిషికి దక్కిన ఈ మూడు గుర్తింపులూ మూడు వేర్వేరు దృష్టులకు సాక్ష్యాలు. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలను చేర్చుకొని సాగిన బర్మా వలసలో తోడు, భాష అనే రెండు అంశాలు పరస్పరం ఎలా పెనవేసుకొన్నాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పరాయి దేశంలో కూలీకి ఆసరా అయిన జట్టే అతణ్ణి అక్కడి భాషకు దూరంగా ఉంచిందన్నది ఇందులోని ప్రతిపాదన.

ప్రాంతం, పేర్లు

నేటి శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం అవతరించేవరకు టెక్కలి, సోంపేట ప్రాంతాలు గంజాం జిల్లాలోనివి. ఆ తరువాత విశాఖపట్నం జిల్లాలో చేరాయి. కాబట్టి ఉద్దానం వలసల చరిత్రను వెదికేవారు ముందుగా గంజాం పత్రాలను చూడాలి. అయితే గంజాంలో ఒడియా మాట్లాడేవారు కూడా పెద్దసంఖ్యలో ఉన్నందున ఆ జిల్లా వలసదారులందరినీ తెలుగువారిగా లెక్కించడం సరికాదు.

‘కోరంగీ’ మాట గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుండి వచ్చింది. ఆ రేవు ఎన్నడూ చూడని ఉద్దానం వాడికి కూడా బర్మాలో అదే పేరు స్థిరపడింది. ‘రంగం’ దీనికి భిన్నం. పరాయి ఊరి పేరును తెలుగు నోటికి, తెలుగు మాటల తీరుకు అనువుగా మలచుకోవడం ఇందులో కనిపిస్తుంది. ఒకటి ఇతరులు తగిలించిన పేరు, మరొకటి తాము కల్పించుకొన్న పేరు.

జట్టు, మేస్త్రీ

1852 యుద్ధంతో దిగువ బర్మా, 1885 యుద్ధంతో ఎగువ బర్మా బ్రిటిష్ వశమయ్యాయి. ఐరావతి డెల్టాలో వరిసాగు విస్తరించి, ధాన్యపు మిల్లులకు, రేవు పనులకు కూలీల అవసరం పెరిగింది. ఇటు గంజాం ప్రాంతాన్ని 1866, 1889 సంవత్సరాల కరవులు పీడించాయి. గోపాలపురం, కళింగపట్నం వంటి తీరపు రేవులు ప్రయాణానికి దారి చూపాయి. రంగూన్‌లో ఓడల సరుకు ఎత్తడం, మిల్లుపని, రిక్షా లాగడం తెలుగువారి ప్రధాన వృత్తులయ్యాయి.

ఈ ప్రయాణం సాధారణంగా ఒంటరిగా సాగలేదు. మేస్త్రీ స్వగ్రామాలలో మనుషులను కూడగట్టి, ఓడఛార్జీ, ఇంటిఖర్చు ముందుగా ఇచ్చి జట్టుగా తీసుకువెళ్ళేవాడు. ఆ బాకీ కూలీ సంపాదనలోంచి తీరాలి. కాంట్రాక్టరుకు, కూలీకి మధ్య అంచెలంచెలుగా మేస్త్రీలుండేవారు. కూలిడబ్బు వారి చేతులమీదుగానే వచ్చేది. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో ప్రచురించిన రంగూన్ భారతీయ శ్రామికుల అధ్యయనం ఈ వ్యవస్థకు ముఖ్యాధారం. యజమానికీ కూలీకీ నడుమ మాట నడిపినవాడు, అప్పిచ్చినవాడు, ఊరివాడు ఒక్కడే అయినప్పుడు అతణ్ణి కాదని బతకడం కష్టం. తోడు అనే మాటకు ఇక్కడ రక్షణ, బంధనం అనే రెండర్థాలూ వర్తిస్తాయి.

భాషాస్థితి

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వారే. నగరంలో భిన్నజాతుల మధ్య వ్యవహారానికి హిందూస్థానీ విస్తృతంగా వాడుకలో ఉండేది. అంటే బర్మా చేరిన తెలుగు కూలీ చెవిన పడిన తొలి పరభాష బర్మీసు కాకపోవడానికి అవకాశం ఎక్కువ. జట్టులో తెలుగు, బయట ముక్కలుగా హిందూస్థానీ: రోజులు గడవడానికి ఇవి చాలు. ఆ దేశంలో స్థిరపడే ఉద్దేశం లేక, భార్యాబిడ్డలను ఊళ్ళో విడిచి వచ్చినవారు అధికం కావడం వల్ల బర్మీసు నేర్వవలసిన అగత్యం మరింత తగ్గింది. వివిధ జాతులు అంగడిలో మాత్రమే కలిసే సమాజంగా ఫర్నివాల్ వర్ణించిన స్థితికి ఇది ఒక ఉదాహరణ.

ఈ దూరానికి మూల్యం 1930 మే నెలలో తెలిసింది. కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను పనిలోకి తీసుకొన్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి రాగా బర్మీయులు పని కోల్పోయారు. అల్లర్లు చెలరేగి వందమందికి పైగా మరణించారు. ఘర్షణకు మూలం కూలి, ఉపాధి, భాష కాదు. కాని ఒకే రేవులో చెమటోడ్చిన రెండు వర్గాలకు తమ కష్టం ఒకరితో ఒకరు చెప్పుకొనే మాట కరవైంది. ఎవరి జట్టు వారిదిగా ఉండడం యజమానులకు అనుకూలించింది.

ముగింపు

1941 డిసెంబరులో రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. తరువాతి నెలల్లో లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్ దారుల్లో కాలినడకన వెనుదిరిగారు. 1962 తరువాతి సైనిక పాలనలో మరెందరో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు. అక్కడే నిలిచినవారి సంతతికి నేడు సమస్య తలకిందులైంది: వారికి బర్మీసు సొంతమైంది, తెలుగును నిలుపుకోవడమే ప్రయాసగా ఉంది.

వలసను ఇంతవరకు ఎక్కువగా ఓడలు, కూలిరేట్లు, జనాభా లెక్కల ఆధారంగా అర్థం చేసుకొన్నాం. ఆ లెక్కలలో కూలీ గొంతు లేదు. మేస్త్రీ లెక్కలో అతడొక బాకీ, సర్కారు లెక్కలో ఒక సంఖ్య. ‘రంగం’ అనే మాట మాత్రం వెళ్ళినవారిది, వారికై ఎదురుచూసినవారిది. ఉద్దానం ఇళ్ళలో ఆ మాట చుట్టూ మిగిలిన జ్ఞాపకాలను, పలుకుబడులను సేకరించడం తెలుగు శాఖల బాధ్యత. దస్తావేజులు కొంతకాలం వేచి ఉంటాయి; ఆ మాట పలికే తరం వేచి ఉండదు.